ఉస్తాద్ బండిలో పాత గ్యాస్

ఓదెలుకు అబద్ధం ఆడటం చేతకాదు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్క సందులో కార్ల ఏసీలు బాగుచేసే షాపులు చాలానే ఉన్నా, పాత బండ్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చేది అతని దగ్గరికే. కంప్రెషర్ పోయిందని వేరేవాళ్లు చెబితే జనం ఇంకో రెండు చోట్ల అడిగి చూస్తారు. ఓదెలు చెబితే ఇక అడగరు, బండి వదిలేసి వెళ్లిపోతారు. అలాంటి మనిషి ఒక్క అబద్ధం ఆడాడు. అదీ తన లాభానికి కాదు. తనను సాకిన తల్లిలాంటి ఆవిడ ఎండకు తాళలేక సొమ్మసిల్లిపోతుంటే చూడలేక ఆడాడు. ఎవరితో ఆడాడు? ఆమె భర్తతో, తనకు పని నేర్పిన ఉస్తాద్‌తో. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా!

ఓదెల మల్లన్నకు మొక్కుకుంటే పుట్టాడని తల్లి అతనికి ఆ పేరు పెట్టింది. తండ్రి పోయాక మేనమామ పట్నం తీసుకొచ్చి చాంద్రాయణగుట్టలో ఒక ఇరానీ హోటల్లో కప్పులు కడిగే పనిలో పెట్టాడు. హోటల్ పక్కనే మొహియుద్దీన్ షాపు. అప్పట్లో కారులో ఏసీ అంటే గొప్పింటి వైభోగం. ఆ వైభోగం చెడిపోతే ఎంతటివాడైనా మొహియుద్దీన్ గుమ్మం ముందు నిలబడాల్సిందే. చాయ్ ఇవ్వడానికి వెళ్లిన ఓదెలు, బానెట్ కింద ఏం జరుగుతోందో చూస్తూ కప్పు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయేవాడు.

"అరే, నీ చేతుల చాయ్ మస్తు చల్లగయింది, నా చేతుల బండి గాలే. రేపటి సంది నువ్వే బండి కాడ నిలబడు!" అని నవ్వాడు మొహియుద్దీన్ ఒకరోజు. నవ్వులాటకు అన్నాడనుకుంటే, నిజంగానే హోటల్ యజమానితో మాట్లాడి తన షాపుకు తెచ్చుకున్నాడు.

పడుకోవడానికి చోటు లేదని తెలిసి ఫలక్‌నుమా స్టేషన్ వెనక ఉన్న తన ఇంటికే తీసుకుపోయాడు. అతని భార్య మహబూబున్నీసా. ఆ దంపతులకు పిల్లలు పుట్టి దక్కలేదు. ఓదెలు ఆమెను ఖాలా అని పిలిచాడు, అంటే పిన్ని. ఇంట్లో పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, వండిన రోజున ఆమె ఓదెలు కోసం వేరే గిన్నెలో పప్పు చేసేది. ఆ గిన్నెలో ఇంకో గరిట పడనిచ్చేది కాదు. "మీ అమ్మ నమ్మి పంపింది. రేపు ఆమె అడిగితే నేను జవాబ్ చెప్పాలె గద" అనేది. తర్వాత ఓదెలు భార్య రాజమణి కాపురానికొచ్చి, మొదటి కాన్పయినప్పుడు, ఖాలాయే బాలింతలకిచ్చే హరీరా కాచి, మూతకు గుడ్డ బిగించి, కిక్కిరిసిన సిటీ బస్సులో తెచ్చి దగ్గర కూర్చుని తాగించింది. సొంత అత్త కూడా అంత చెయ్యలేదని రాజమణి ఇప్పటికీ అంటుంది.

పని నేర్పడంలో మాత్రం మొహియుద్దీన్ దగ్గర దయాదాక్షిణ్యం లేదు. ఏసీ ఉన్న బండిలో కంప్రెషర్ దగ్గర రెండు గొట్టాలుంటాయి. ఒకటి కాలుతుండాలి, రెండోది చల్లబడి చెమర్చాలి. ఆ వేడీ ఆ చలువా ఎంతున్నాయన్నదాన్ని బట్టి లోపలి జబ్బు ఏమిటో చెప్పొచ్చు. లోకమంతా మీటరు పెట్టి చూస్తుంది. మొహియుద్దీన్ చెయ్యి పెట్టి చెప్పేవాడు. ఓదెలు చేత కళ్లు మూయించి, అరచెయ్యి గొట్టం మీద ఆనించి "బోలో, ఏం తక్వైంది?" అని అడిగేవాడు. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ. ఆ మొట్టికాయలు తినీ తినీ ఓదెలు కూడా పనిమంతుడయ్యాడు గానీ, ఉస్తాద్ చెయ్యి ఉస్తాద్ చెయ్యే. దానికి సాటి లేదు.

ఏళ్లు గడిచాయి. ఉస్తాద్‌కు షుగర్ వచ్చింది, చూపు మందగించింది. షాపు ఓదెలుకు అప్పజెప్పి ఇంటిపట్టునే ఉండిపోయాడు. ఒక్క బండిని మాత్రం వదల్లేదు. అది ఆయన సొంత అంబాసిడర్. తుక్కులోకి పోవాల్సిన బండిని తెచ్చి, ముందు సీటు ఎదుట ఏసీ పెట్టె తన చేతులతో బిగించుకున్నాడు. మొదటిసారి అందులో కూర్చున్నప్పుడు మహబూబున్నీసా "యా అల్లా, ఎండకాలంల షాల్ కప్పుకోవాలె గద!" అందట. ఆ మాట ఆయన ఎందరికి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఇప్పుడు ఆ బండే ఆమెకు ప్రాణాధారమైంది. ఖాలాకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు నది అవతల ఆస్పత్రిలో డయాలసిస్. అది చేయించుకుని బయటికొచ్చే వేళకు మనిషిలో సత్తువ ఉండదు, బీపీ పడిపోతుంది, ఎండ తగిలితే కళ్లు తిరిగి పడిపోతుంది. "ఎట్లయినా చల్లగ పడుకోబెట్టి తీస్కపోండ్రి" అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కిరాయి కార్లలో కాళ్లు చాపుకునే వీలుండదు. ఆటోలో వేడిగాలి ముఖాన కొడుతుంది. అంబాసిడర్ వెనక సీటంటే మంచమంత. దిండు వేసి పడుకోబెడితే ఇంటిదాకా కళ్లు మూసుకుని హాయిగా వచ్చేది. ఉస్తాద్ చూపు అంతంతమాత్రం కాబట్టి మెల్లగా, దారిపొడుగునా తిట్లు తింటూ, తానే నడిపేవాడు.

వచ్చిన చిక్కల్లా గ్యాస్‌తోనే. ఆ బండి పుట్టిన కాలంలో ఏసీల్లో వాడిన గ్యాస్‌ను మెకానిక్కులు పన్నెండో నంబరు అనేవాళ్లు. ఆకాశంలో ఓజోన్ పొరను తినేస్తోందని లోకమంతా దాన్ని ఆపేసింది. వేరే గ్యాస్ వచ్చింది. పాత బండిలో ఆ కొత్త గ్యాస్ ఊరికే నింపితే కుదరదు. లోపలి పాత నూనె పూర్తిగా కడిగి కొత్త రకం నూనె పోయాలి, రబ్బరు వాషర్లు మార్చాలి, తేమ పీల్చే డబ్బా మార్చాలి. ఒకసారి మార్చాక మళ్లీ పాత గ్యాస్ కలవకూడదు. రెండూ కలిస్తే లోపల ఒత్తిడి పెరిగిపోతుంది, నూనె చెడి జిగురవుతుంది, కంప్రెషర్ పట్టేస్తుంది. అందుకే మార్చిన ప్రతి బండి గొట్టానికీ పసుపు టేపు చుట్టాలని ఉస్తాదే షాపులో కాయిదా పెట్టాడు. తర్వాత చెయ్యి వేసేవాడికి తెలియాలి కదా మరి.

ఊళ్లోవాళ్ల బండ్లన్నీ మార్చిన పెద్దమనిషి, తన బండిని మాత్రం ముట్టనివ్వలేదు. కొత్త గ్యాస్‌కు ఆ చలువ రాదని, బండి ట్రాఫిక్‌లో ఆగితే ఉడుకు గాలే కొడుతుందని ఆయన పట్టు. అందులో కొంత నిజం లేకపోలేదు. మిగతాది మొండితనం. ముసలితనం మొండితనం తోడైతే ఆ బ్రహ్మదేవుడైనా నెగ్గగలడా?

ఎండలు ముదురుతున్న రోజుల్లో బండిలో ఒక గొట్టం చిట్లి గ్యాస్ అంతా పోయింది. ఉస్తాద్ షాపుకొచ్చాడు.

"ఓదెలూ, పన్నెండు తెచ్చి నింపు బేటా."

"యాడ దొరుకుతది ఉస్తాద్? అది బందై ఎన్ని ఏండ్లాయె."

"మంచం కింద నా సిలిండర్ల అడుగుకు జర ఉంది. బండికి గది సాలదు. నువ్వు దేవులాడు, దొరుకుతది."

"మార్చుదాం ఉస్తాద్. నేనే కూసోని చేస్త. మస్తు మంచిగ చేస్త."

"నక్కో, వద్దు అన్న గద! ఆ గ్యాస్ పోసినవంటే మీ ఖాలాను ఆ బండిల ఎక్కియ్య. ఆటోల తీస్కపోత. సమజైందా?"

అని విసవిసా వెళ్లిపోయాడు. ఓదెలు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. తెలిసినవాళ్లనందరినీ అడిగాడు. చివరికి కార్వాన్‌లో పాత ఫ్రిజ్‌ల సామాన్లు అమ్మేచోట ఒక సిలిండర్ దొరికింది. పైన రంగు, రాత అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంబరంగా తెచ్చి మీటరు పెడితే లోపలున్నది వేరు. ఏమేం కలిపారో ఆ కలిపిన మహానుభావుడికే తెలియాలి. ఆ దిక్కుమాలినదాన్ని ఖాలా పడుకునే బండిలో ఎట్లా పోస్తాడు?

ఈలోగా ఉస్తాద్ అన్నంత పనీ చేస్తున్నాడు. ఆమెను ఆటోలోనే తిప్పుతున్నాడు. ఒక మధ్యాహ్నం ఓదెలు షాపు ముందు ఆటో ఆగింది. "నీళ్లు, నీళ్లు" అని ఉస్తాద్ కేక. ఓదెలు పరుగెత్తుకెళ్లి చూస్తే ఖాలా సీటులో ఒక పక్కకు ఒరిగి ఉంది. ముఖం పాలిపోయింది, పెదాలు ఎండి అంటుకుపోయాయి. ముఖాన నీళ్లు చల్లి, అట్టముక్కతో విసిరితే కాసేపటికి కళ్లు తెరిచింది. ఎదురుగా ఓదెలును చూసి, "ఏం గాలే బేటా, జర కండ్లు తిరిగినయి. నువ్వు అన్నం తిన్నవా?" అని అడిగింది.

ఆ పూట ఓదెలుకు ముద్ద దిగలేదు. కంచం ముందు కూర్చుని రాజమణితో అన్నాడు.

"బండి తీస్కొచ్చి నేనే మారుస్త. పన్నెండు దొరికిందని చెప్త."

రాజమణి చేతిలో గరిట ఆగిపోయింది. "అబద్ధం చెప్తవా? ఉస్తాద్‌కా?"

"ఇంకేం చెయ్యాలె? ఆమె పాణం పోయినంక నిజం చెప్పాల్నా?"

"గట్ల గాదయ్యా. చెప్పి చెయ్యి. తిడితే తిట్టనియ్యి, నాలుగు దెబ్బలు కొడితే కొట్టనియ్యి. మస్తు సార్లు తినలేదా ఆయన చేతుల దెబ్బలు?"

"తింటే నాకేం ఫికర్ లేదు. ఎక్కియ్య అన్నడు గద. మొండిపట్టు పడితే యాడిదాకైనా పోతడు, నీకు తెల్వదు."

"నాకు తెల్వకపోతే తెల్వకపాయె. పెదవి దాటితే పృథివి దాటుతదంటరు. ఆలోచన చేస్కో" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆమె మాట వినలేదు ఓదెలు. మగవాళ్లకు ఇంట్లో ఉన్న బుద్ధి ఎప్పుడు కనబడింది గనక!

"దొరికింది ఉస్తాద్, బండి పంపుండ్రి" అని ఫోన్ చేశాడు. బండి వచ్చింది. ఆ పని ఓదెలు చేసినట్టు మనిషి తన సొంత బిడ్డకు కూడా చెయ్యడు. గొట్టాలన్నీ విప్పి పాత నూనె చుక్క మిగలకుండా కడిగాడు. కొత్త నూనె పోసి, వాషర్లు, తేమ పీల్చే డబ్బా అన్నీ మార్చాడు. చిట్లిన గొట్టం తీసేసి, గట్టిది వేశాడు. గాలి మొత్తం లాగేసి, లోపల తేమ లేదని తేలేదాకా కనిపెట్టుకుని కూర్చున్నాడు. కొత్త గ్యాస్‌ను పాతదానికంటే కొంచెం తక్కువగా, కొలిచి నింపాడు. అంతా శుద్ధంగా చేశాడు. రెండే రెండు పనులు చెయ్యలేదు. గ్యాస్ నింపే మూతులు కొత్తవి వేస్తే వాటికి పాత గ్యాస్ పైపు పట్టదు, ఉస్తాద్ కనిపెట్టేస్తాడని పాతవే ఉంచాడు. పసుపు టేపు చుట్టలేదు.

సాయంత్రం ఉస్తాద్ వచ్చాడు. బండి స్టార్ట్ చేయించి, బానెట్ ఎత్తించి, వంగి చల్లటి గొట్టం మీద అరచెయ్యి పెట్టాడు. ఎప్పుడూ చిటికెలో చెప్పేసేవాడు, ఆ రోజు చాలాసేపు చెయ్యి తియ్యలేదు. 

"పన్నెండేనారా?"

"పన్నెండే ఉస్తాద్."

"హౌ. మంచిది" అన్నాడు ఉస్తాద్ మెల్లగా. ఓదెలు భుజం తట్టి, బండెక్కి వెళ్లిపోయాడు.  ఒక పెద్ద గండం గడిచిందని ఓదెలు మనసు తేలికపడింది.

నిజంగానే ఆ తర్వాత ఖాలా ప్రాణం సుఖపడింది. ఆస్పత్రి నుంచి వస్తూ షాపు దగ్గర బండి ఆపించేది. వెనక సీటులో దిండు మీద పడుకుని, కిటికీ అద్దం వేలెడంత దించి "ఓదెలూ, చలిపెడుతుందిరా!" అనేది. నవ్వేది. రాజమణి వెళ్లి నిమ్మరసం ఇస్తే, వద్దు నీళ్లు తక్కువ తాగాలన్నారు అంటూనే ఒక గుక్క తాగేది. ఆ నవ్వు చూశాక ఓదెలుకు తాను చేసింది తప్పనిపించలేదు. పైగా గర్వం కూడా వేసింది. చెబుదామా అని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఎండాకాలం పోనీ, వానలు పడ్డాక చెప్పొచ్చులే అనుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలు. ఆ రోజు డయాలసిస్ అయ్యాక ఉస్తాద్ ఆమెను పడుకోబెట్టుకుని వస్తున్నాడు. చాంద్రాయణగుట్ట చౌరస్తాకు ఇవతల బస్సూ లారీ ఒకదానికొకటి అడ్డం పడి, ఎక్కడి బండ్లు అక్కడే నిలిచిపోయాయి. ఆగిన బండిలో ఇంజిన్ నడుస్తోంది, ఏసీ నడుస్తోంది. ఉన్నట్టుండి బానెట్ కింద ఫట్‌మని చప్పుడు. తెల్లటి పొగ లేచింది. దాని వెనకే కాలిన రబ్బరు కంపు. జనం మంటలనుకుని అరిచారు. ఉస్తాద్ ఇంజిన్ ఆపేశాడు. మళ్లీ తిప్పితే లేవలేదు.

ఎవరో చెబితే ఓదెలు షాపు వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. మండే తారు మీద ఉత్తకాళ్లతో వెళ్లి చూస్తే, నాలుగు తలుపులూ తీసిపెట్టి, ఉస్తాద్ రుమాలుతో ఆమెకు విసురుతున్నాడు. ఆమె కళ్లు మూతలుపడి ఉన్నాయి. ఊపిరి ఎగపోస్తోంది.

"ఏమైంది ఉస్తాద్? నిన్నటిదాకా మంచిగనే ఉండె గద!"

"నేనే చేసిన రా!" అన్నాడు ముసలాయన విసురుతూనే. "చలువ జర తక్కువ కొడుతుందని, పొద్దున నా సిలిండర్ల మిగిలిన పన్నెండు నేనే నింపిన. ఎక్కువైంది. పైపు పగిలింది."

 పన్నెండు! కొత్త గ్యాస్ మీద పన్నెండు! ఓదెలుకు చెయ్యెత్తి ఎవరో చెంప పగలగొట్టినట్టయింది. బానెట్ వైపు చూడనైనా చూడలేదు. లోపల ఏం జరిగిందో చూడకుండానే తెలుసు.  అది మాట్లాడే సమయం కాదు. ఖాలాను రెండు చేతులతో ఎత్తుకుని జామ్ దాటిందాకా బండ్ల సందుల్లోంచి మోసుకుపోయాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే తనను మోసిన మనిషి, ఇప్పుడు తన చేతుల్లో పసిపిల్లలా తేలిగ్గా ఉంది. అవతల ఆటో దొరికింది. వచ్చిన దారినే ఆస్పత్రికి వెనక్కి తీసుకెళ్లారు.

ఆమె మళ్లీ ఇంటికి రాలేదు. వారం తిరగకముందే పోయింది. "గుండె మొదటి నుంచీ వీక్ ఉంది, ఎండదెబ్బకు ఆగలే. ఎప్పుడైనా అయ్యేదే" అన్నారు డాక్టర్లు. ఆ ఎప్పుడైనా అన్న మాట ఎవరికి ఓదార్పు? ఇంకో వానాకాలం చూసేదేమో, ఇంకో రంజాన్ చూసేదేమో! ఖబరస్థాన్‌లో ఓదెలు అందరితో పాటు మూడు గుప్పెళ్ల మట్టి వేశాడు. 

మూడోనాడు జియారత్‌కు, సమాధి దగ్గర ప్రార్థనకు, వచ్చిన ప్రతి మనిషితోనూ ఉస్తాద్ ఒకటే మాట చెప్పాడు. "నేనే చంపుకున్న. ఈ చేతులతోటి ఎన్ని బండ్లు నింపిన! నా ఇంటి మనిషి బండి కాడికి వచ్చెవరకు ఎక్కువ నింపిన." వద్దని ఎందరు వారించినా వినలేదు. ఓదెలు ఒక మూల గోడకు ఆనుకుని విన్నాడు. ఒక్క మాట చెబితే ఆ ముసలాయన నెత్తి మీది భారం దిగుతుంది. ఆ మాట చెప్పగల మనిషి అక్కడ తానొక్కడే. చెప్పలేదు. చెబితే తనను గుమ్మం తొక్కనివ్వడని భయం. అమ్మ పోయింది, ఇప్పుడు బాపు కూడా పోతాడని భయం. ఛీ, ఎంత పిరికితనం!

రాజమణికి మాత్రం ఆ రాత్రే చెప్పి ఏడ్చాడు. ఆమె అతన్ని ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండేదేమో. "నీ తప్పు ఆయన మోస్తున్నడు. గంతే" అంది. ఆ తర్వాత రోజూ పొద్దున షాపుకు బయల్దేరుతుంటే ముఖంలోకి చూసేది. చెప్పలేదని తెలుసుకుని టిఫిన్ డబ్బా చేతికిచ్చి లోపలికి పోయేది.

రోజులు గడుస్తున్నకొద్దీ ఉస్తాద్ చిక్కి సగమయ్యాడు. పనిముట్లన్నీ గోనెసంచిలో వేసి షాపుకు పంపేశాడు. చాయ్ గ్లాసు పట్టుకోవాల్సి వచ్చినా, తన చేతుల్ని చూసుకుని పక్కన పెట్టేస్తున్నాడని ఇరుగుపొరుగు చెప్పుకున్నారు. అది విన్న రోజు ఓదెలుకు ఇక ఆగలేదు. మర్నాడే చెహ్లం, నలభయ్యోరోజు ఫాతెహా. అన్నాలు వడ్డించి, దేగ్చాలు కడిగించి, వచ్చినవాళ్లంతా వెళ్లేదాకా ఉన్నాడు. ఉస్తాద్ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఓదెలు వెళ్లి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ఉస్తాద్, బండిల నేను పన్నెండు నింపలే. పన్నెండు దొరకలే. కొత్తదానికి మార్చిన. మీరు ఒప్పుకోరని అబద్ధం చెప్పిన. మీరు నింపింది ఎక్కువ గాలే ఉస్తాద్. రెండు కలిసినయి. గందుకే పగిలింది. తప్పు మీ చేతులది గాదు, నాది. ఖాలాను నేను చంపిన."

 ఇంటి ముందు స్టేషన్‌లో లోకల్ రైలు వచ్చింది, జనం దిగారు, పోయారు.

"నూనె కడిగినవా?" అని అడిగాడు ఉస్తాద్ చివరికి.

"కడిగిన ఉస్తాద్."

"వాషర్లు?"

"అన్ని మార్చిన. గొట్టం కొత్తది ఏసిన. మీరు ముట్టకుంటే ఆ బండి పదేండ్లయినా ఆగకపోవు."

"మల్ల నాకెందుకు చెప్పలేదురా?"

"ఆటోల తీస్కపోత అన్నరు గద ఉస్తాద్."

"అన్న." ఆయన తల ఊపాడు. "ఒక దినం లొల్లి చేసేటోన్ని. రెండో దినం నేనే ఎక్కించుకపోయేటోన్ని. ఆమె ఎండకు పడిపోతుంటే ఎన్ని దినాలు ఉంటదిరా నా జిద్దు?"

ఓదెలు తల నేలకు వాలిపోయింది. "కొట్టుండ్రి ఉస్తాద్" అన్నాడు. కొడతాడేమో, కొడితే బాగుండునని కాచుకున్నాడు. ఉస్తాద్ కొట్టలేదు. ఓదెలు నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

"ఆ దినమే తెలిసింది బేటా. గొట్టం మీద చెయ్యి పెట్టంగనే తెలిసింది, ఇది పన్నెండు గాదని. నిన్ను అడిగిన. నువ్వు పన్నెండే అన్నవు. ఓదెలు ఎన్నడన్న అబద్ధం ఆడిండా? ఆడలే. అయితే నా చెయ్యే పోయింది, షుగర్ తోటి వేళ్లల్ల జీవం పోయింది అనుకున్న. బండిల ఉన్నది పన్నెండే గద అని, ఆమెకు చలువ తక్కువ కావొద్దని, మిగిలింది గూడ పోసిన. నువ్వు చెప్పినంక, నీ మాట కాదని నా చేతిని ఎట్ల నమ్మాలెరా?"

 ఓదెలు ఆయన కాళ్లు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఉస్తాద్ అతన్ని ఏడవనిచ్చాడు.